ముందుచూపే వృత్తిగా

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన మరునాటి నుండి మన ఇళ్ళలో ఒకే చర్చ సాగుతుంది. అబ్బాయిని ఇంజినీరింగులో చేర్పించాలా, దుకాణంలో కూర్చోబెట్టాలా, మామూ ఉన్న కువైట్‌కు పంపాలా? అమ్మాయిని కడప దాకా పంపి చదివించాలా, ఊళ్ళో ఉన్న కళాశాలతోనే సరిపెట్టాలా? ఈ చర్చలో వినిపించే వృత్తుల పేర్లు చేతివేళ్ళను దాటవు. డాక్టరు, ఇంజినీరు, ఉపాధ్యాయుడు, సర్కారు ఉద్యోగి, వ్యాపారి. ఈ నెల మేము ఆ జాబితాకు మరొక పేరు చేర్చదలచాము. బ్యాంకులలోను, బీమా సంస్థలలోను, పెద్ద వాణిజ్య సంస్థలలోను రాబోయే నష్టాన్ని ముందుగా గుర్తించి, దాని తీవ్రతను లెక్కగట్టి, తగిన కట్టుదిట్టాలు చేయించే వృత్తి అది. దానిని రిస్క్ మేనేజ్‌మెంట్ అంటున్నారు. ఆ నిచ్చెన చివరి మెట్టు మీద ఉండే అధికారిని చీఫ్ రిస్క్ ఆఫీసర్ అని పిలుస్తారు.

పేరు కొత్తగా తోచవచ్చు. పని మాత్రం మన ప్రాంతానికి కొత్తది కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల ప్రజలు తరతరాలుగా నష్టభయంతో సహజీవనం చేస్తున్నవారే. అందుకే ఈ వృత్తిని మన ఊళ్ళ నుండే పరిచయం చేయడం సముచితమని భావించాము.

మూడు ఊళ్ళు నేర్పే పాఠాలు

ప్రొద్దుటూరు బంగారు వ్యాపారానికి పేరుగాంచిన పట్టణం. ఒక నగల వ్యాపారి ఈ రోజు ధరకు వంద గ్రాముల బంగారం కొని నగలు చేయించాడనుకుందాం. నగలు తయారై అమ్ముడయ్యేసరికి నెల రోజులు పడుతుంది. ఈలోగా ధర పడిపోతే మజూరీ మాట అటుంచి పెట్టుబడిలోనే కోత పడుతుంది. అనుభవజ్ఞుడైన వ్యాపారి ఏం చేస్తాడు? ఏ రోజు ఎంత బంగారం అమ్మాడో ఆ రోజే అంత బంగారం తిరిగి కొనుక్కుంటాడు. ధర పెరిగినా తగ్గినా అతని వద్ద ఉన్న బంగారం తూకం మారదు, కొత్త నగలకు సరుకు కరవు కాదు. ధరల ఒడుదొడుకుల వల్ల కలిగే ఈ నష్టభయాన్ని ఆర్థిక శాస్త్రం మార్కెట్ రిస్క్ అంటుంది. అదే బజారులో బట్టల వ్యాపారి సరుకు అరువిస్తాడు. తీసుకున్నవాడు పండుగ వెళ్ళాక ఇస్తానని చెప్పి ముఖం చాటేస్తే అది క్రెడిట్ రిస్క్. తూకంలో గుమాస్తా పొరపాటు చేసినా, తాళాలు ఉన్న మనిషే మోసం చేసినా అది ఆపరేషనల్ రిస్క్.

పులివెందుల పరిసరాలలో అరటి తోటలు, చీనీ తోటలు ఎక్కువ. పండిన అరటి గెల రైతు కోసం ఆగదు. తోటలో లక్షల విలువైన పంట ఉంటుంది. కాని ఆ వారం లారీ రాకపోతే, కొనుగోలుదారు ముందుకు రాకపోతే ఆ విలువ నేలపాలవుతుంది. ఆస్తి ఉండి కూడా అవసరమైన సమయానికి చేతికి సొమ్ము రాని ఈ దుస్థితికి లిక్విడిటీ రిస్క్ అని పేరు. ప్రపంచంలో పెద్ద పెద్ద బ్యాంకులు కూలిపోయిన సందర్భాలలో చాలావరకు ఇదే జరిగింది. పుస్తకాలలో ఆస్తులున్నాయి, ఖాతాదారులు వచ్చి అడిగిన రోజున నగదు లేదు.

ఇక జమ్మలమడుగు. ఇక్కడి నల్లరేగడి నేలలలో రైతు బుడ్డశనగ విత్తి ఆకాశం వైపు చూస్తాడు. వాన కురిస్తే పంట, కురవకపోతే అప్పు. ఈ అనిశ్చితిని మన పూర్వికులు ఎలా ఎదుర్కొన్నారో తెలుసుకోవాలంటే జమ్మలమడుగుకు సమీపాన పెన్నా లోయ అంచున నిలిచిన గండికోటకు వెళ్ళాలి. కోట లోపల జామియా మసీదు చెంతనే విశాలమైన ధాన్యాగారం ఒకటి నేటికీ నిలిచి ఉంది. పంట పండిన ఏట దాచిన గింజ కరవు ఏట, ముట్టడి నాట ప్రాణం నిలుపుతుంది. ఆ రాతి కట్టడం కూడా రిస్క్ మేనేజ్‌మెంటే. దానిని కట్టించినవారికి ఈ పేరు తెలియదు, ఈ పని తెలుసు.

ధాన్యాగారం నేర్పిన ధర్మం

ధాన్యాగారం ప్రస్తావన రాగానే విశ్వాసుల మనసు హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) గాథ వైపు మళ్ళుతుంది. దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరా మనకు సుపరిచితం. రాజు కన్న కలకు ఆయన భావం చెప్పారు. ఏడేళ్ళు సమృద్ధి, ఆపై ఏడేళ్ళు కరవు. అయితే ఆయన కలకు భావం చెప్పి ఊరుకోలేదు. సమృద్ధి ఏళ్ళలో ఏం చేయాలో వివరించారు. కోసిన పంటను వెన్నులలోనే ఉంచి నిల్వ చేయాలని, తిండికి కొద్దిపాటి మాత్రమే వాడుకోవాలని సూచించారు. రాబోయే ఆపద, దాని కాలపరిమితి, నిల్వ చేసే పద్ధతి, వినియోగంపై నియంత్రణ అన్నీ ఆ సలహాలో ఉన్నాయి. నేటి రిస్క్ అధికారి తన సంస్థ డైరెక్టర్ల ముందు ఉంచే నివేదికలో ఉండవలసినవి కూడా ఇవే.

అంతకంటే గమనార్హమైనది ఆ తర్వాతి ఘట్టం. కోశాగారాల బాధ్యత తనకు అప్పగించమని కోరినప్పుడు హజ్రత్ యూసుఫ్ (అలై) తన అర్హతలుగా రెండు గుణాలనే పేర్కొన్నారు. ఒకటి, అప్పగించినదానిని భద్రంగా కాపాడడం. రెండు, ఆ పనికి తగిన జ్ఞానం కలిగి ఉండడం. అమానత్, ఇల్మ్. ఈ వ్యాసమంతా ఈ రెండు మాటల చుట్టే తిరుగుతుందని పాఠకులు గమనిస్తారు.

ముందుజాగ్రత్త అనగానే కొందరు తవక్కుల్ మాట ఎత్తుతారు. అంతా అల్లాహ్ చేతిలో ఉన్నప్పుడు ఈ లెక్కలన్నీ ఎందుకని అడుగుతారు. ఒంటెను కట్టివేయాలా, వదిలేసి అల్లాహ్‌పై భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ముందు కట్టి, ఆపై నమ్మకం ఉంచమని బోధించిన సంగతి తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రాంతానికి బయలుదేరి, అక్కడ అమ్వాస్ మహమ్మారి వ్యాపించిందని తెలిసి మధ్యదారిలో వెనుదిరిగారు. విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగినప్పుడు, అల్లాహ్ విధించిన ఒకదాని నుండి ఆయనే విధించిన మరొకదాని వైపు వెళుతున్నామని ఆయన సమాధానమిచ్చారు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు గడువుతో సహా రాసుకోవాలని, సాక్షులను ఉంచుకోవాలని ఆదేశించే వాక్యం బఖరా సూరాలో ఉంది. దివ్య గ్రంథంలో అత్యంత సుదీర్ఘమైన ఆయత్ అదే కావడం ఆలోచింపజేసే విషయం. ఆరాధనల గురించి చెప్పిన గ్రంథమే బాకీ పత్రం గురించి కూడా అంత వివరంగా చెప్పింది.

మన జిల్లా నుండి ఒక నిదర్శనం

ఈ గుణాలు ఆధునిక ఆర్థిక వ్యవస్థలో ఎలా పనిచేస్తాయో చూపడానికి దూరదేశాల ఉదాహరణలు వెతకనవసరం లేదు. నాటి కడప జిల్లాలో రాజంపేట ప్రాంతపు పాటూరు గ్రామంలో 1941లో జన్మించిన డాక్టర్ వై. వేణుగోపాల్ రెడ్డి 2003 సెప్టెంబరు నుండి 2008 సెప్టెంబరు వరకు భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేశారు. మద్రాసులో అర్థశాస్త్రం చదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొంది, 1964లో ఐ.ఏ.ఎస్.కు ఎంపికైన వ్యక్తి ఆయన. ఏ ఒక్క బ్యాంకులోను రిస్క్ అధికారిగా ఆయన పనిచేయలేదు. దేశంలోని బ్యాంకులన్నిటి నష్టభయాన్ని కనిపెట్టుకుని ఉండే బాధ్యత ఆయనపై పడింది.

2004 నాటికి దేశంలో ఇళ్ళ రుణాలు, వ్యక్తిగత రుణాలు వేగంగా పెరుగుతున్నాయి. స్థలాల ధరలు పైపైకి పోతున్నాయి. అందరూ సంతోషంగా ఉన్న ఆ కాలంలో రిజర్వు బ్యాంకు ఒక నిర్ణయం తీసుకున్నది. దానిని సామాన్య భాషలో చెప్పుకుందాం. బ్యాంకు ఇచ్చే ప్రతి రుణానికి కొంత సొంత మూలధనాన్ని పక్కన ఉంచాలి. మన దేశంలో అది రుణపు రిస్క్ విలువలో 9 శాతం. ఇంటి రుణానికి రిస్క్ భారం 50 శాతంగా ఉన్నప్పుడు లక్ష రూపాయల రుణానికి 4,500 రూపాయలు ఉంచితే చాలు. 2004 డిసెంబరులో ఆ భారాన్ని 75 శాతానికి పెంచారు. అంటే అదే లక్షకు 6,750 రూపాయలు. వ్యాపార భవనాలు, స్థలాల రుణాలకు 100 శాతంగా ఉన్న భారం 2005లో 125కు, 2006లో 150కి పెరిగింది. లక్షకు 9,000 ఉంచవలసిన చోట 13,500 ఉంచవలసి వచ్చింది. రుణాలు ఇవ్వవద్దని ఎవరినీ నిషేధించలేదు. అత్యుత్సాహానికి తగిన కాపును ముందే దాచిపెట్టమన్నారు.

అభివృద్ధికి అడ్డుపడుతున్నారని, అతి జాగ్రత్త పరుడని ఆయనపై విమర్శలు వచ్చాయి. 2008 సెప్టెంబరు 5న ఆయన పదవీకాలం ముగిసింది. సరిగ్గా పది రోజుల తర్వాత, సెప్టెంబరు 15న, అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే మహాసంస్థ దివాలా ప్రకటించింది. ప్రపంచమంతటా బ్యాంకులు కుదేలయ్యాయి. మన బ్యాంకులు నిలదొక్కుకున్నాయి. ఆ ఏడాది నవంబరులో, తర్వాతి గవర్నరు దువ్వూరి సుబ్బారావు హయాంలో, రిజర్వు బ్యాంకు ఆ భారాలను తగ్గించి బ్యాంకులకు వెసులుబాటు కల్పించింది. మంచి రోజులలో దాచినది చెడ్డ రోజులలో తెరుచుకున్నది. ఏడేళ్ళ సమృద్ధి, ఏడేళ్ళ కరవు అన్న పాఠం ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. 2010లో ఆయనకు పద్మవిభూషణ్ లభించింది. అయితే ఆ నిర్ణయాలు తీసుకున్న రోజులలో దక్కినవి ఎక్కువగా ఆక్షేపణలే. జరగని ప్రమాదానికి ఎవరూ కృతజ్ఞతలు చెప్పరు. ఈ వృత్తిని కోరుకునే యువతరం ముందుగా గ్రహించవలసిన సత్యం ఇది.

నిచ్చెన మెట్లు

ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ, ఎంఈసీ, సీఈసీ ఏది చదివినా ఈ వృత్తికి దారి ఉంది. గణితం పట్ల భయం లేకపోవడం ప్రధానం. డిగ్రీలో బి.కాం., గణాంక శాస్త్రం, అర్థశాస్త్రం, ఇంజినీరింగు అన్నీ ఉపకరిస్తాయి. పులివెందులలో 2006లో ఏర్పడిన జె.ఎన్.టి.యు. ఇంజినీరింగ్ కళాశాల, అదే ఏడాది కడపలో నెలకొన్న యోగి వేమన విశ్వవిద్యాలయం, ప్రొద్దుటూరులోని దాని ఇంజినీరింగ్ కళాశాల మనకు అందుబాటులో ఉన్నాయి. మొదటి మెట్టు ఎక్కడానికి మహానగరం వెళ్ళనవసరం లేదు. కాని డిగ్రీ మూడేళ్ళలో మూడు నైపుణ్యాలు సొంతంగా అలవరచుకోవాలి. ఎక్సెల్‌లో వేగంగా లెక్కలు కట్టడం, పెద్ద సమాచార రాశిలోంచి కావలసినది వెలికితీసే ఎస్.క్యూ.ఎల్. లేదా పైథాన్ వంటి కంప్యూటరు భాష ఒకటి, ఒక సంస్థ ఆస్తి అప్పుల పట్టికను చదివి అర్థం చేసుకోగలగడం.

ఆ తర్వాత ఎంచుకోదగిన మార్గాలు ప్రధానంగా నాలుగు. ఛార్టర్డ్ అకౌంటెన్సీ చేసి తనిఖీల విభాగం ద్వారా ప్రవేశించడం మొదటిది. ఫైనాన్స్‌లో ఎం.బి.ఏ. రెండవది. మూడవది ఎఫ్.ఆర్.ఎం. అనే అంతర్జాతీయ ధ్రువపత్రం. ఇందులో రెండు భాగాలుంటాయి. మొదటి దానిలో 100 ప్రశ్నలు, రెండవ దానిలో 80 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి నాలుగు గంటల వ్యవధి. రెండూ నెగ్గి, సంబంధిత రంగంలో రెండేళ్ళ అనుభవం చూపితే ధ్రువపత్రం ఇస్తారు. రుసుము డాలర్లలో ఉంటుంది. కనుక ఉద్యోగంలో చేరాక, సొంత సంపాదనతో రాయడం వివేకం. నాలుగవది బీమా రంగపు గణాంక నిపుణుల మార్గం. వీరిని యాక్చువరీలు అంటారు. భారతీయ యాక్చువరీల సంస్థ నిర్వహించే ప్రవేశ పరీక్షతో అది ప్రారంభమవుతుంది. గణితంలో గట్టి పట్టున్న విద్యార్థినులకు ఇది ప్రత్యేకంగా తగినది.

హైదరాబాదు ఈ చదువులకు కేంద్రంగా ఉన్నది. బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది. 2002లో నెలకొన్న బీమా, రిస్క్ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ, బ్యాంకింగ్ సాంకేతికత కోసం రిజర్వు బ్యాంకు 1996లో స్థాపించిన పరిశోధన సంస్థ కూడా అక్కడివే. అనేక అంతర్జాతీయ బ్యాంకుల కార్యాలయాలు రిస్క్ విశ్లేషకులను నియమించుకునేది అక్కడే.

మొదటి రెండు మూడేళ్ళు విశ్లేషకుడిగా గడుస్తాయి. దరఖాస్తుదారు ఆదాయ పత్రాలను పరిశీలించడం, అనుమానాస్పద లావాదేవీలను పట్టుకోవడం, రోజువారీ నివేదికలు తయారుచేయడం ఆ దశలో పని. తర్వాతి ఐదారేళ్ళలో ఏదో ఒక విభాగంలో పట్టు సాధించి మేనేజరు కావాలి. రుణాల విభాగమా, ధరల విభాగమా, సైబర్ భద్రతా అన్నది అక్కడ తేలుతుంది. పదిహేనేళ్ళు దాటాక విభాగాధిపతి స్థాయి. ఇరవై ఏళ్ళ అనుభవం తర్వాత, అన్నీ కలిసి వస్తే, చీఫ్ రిస్క్ ఆఫీసరు పదవి. ప్రపంచంలో ఈ హోదా పేరు మొదటగా వినిపించినది 1993లో అమెరికాకు చెందిన జి.ఇ. క్యాపిటల్ సంస్థలో. అంటే ఈ పదవికి మూడు దశాబ్దాల పైచిలుకు వయసు మాత్రమే. మన దేశంలో బ్యాంకులలో ఈ అధికారికి స్వతంత్ర ప్రతిపత్తి కల్పిస్తూ 2017 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఆదేశాలిచ్చింది. ఆయనకు నిర్ణీత పదవీకాలం ఉండాలి. బోర్డు అనుమతి లేకుండా మధ్యలో తొలగించరాదు. వ్యాపార లక్ష్యాలు అప్పగించరాదు. 2019 మేలో, ఐదు వేల కోట్ల రూపాయల ఆస్తులు దాటిన బ్యాంకేతర ఆర్థిక సంస్థలు కూడా ఈ అధికారిని నియమించుకోవాలని నిర్దేశించింది. ఈ అవకాశాలు పెరుగుతున్నాయే గాని తరగడం లేదు.

వద్దు అని చెప్పగల నాలుక

బోర్డు అనుమతి లేకుండా తొలగించరాదన్న నిబంధన ఎందుకు అవసరమైంది? బ్రిటన్‌లో హెచ్.బి.ఓ.ఎస్. అనే పెద్ద బ్యాంకులో పాల్ మూర్ అనే అధికారి నియంత్రణ సంబంధిత రిస్క్ విభాగానికి అధిపతిగా ఉండేవాడు. బ్యాంకు మితిమీరిన వేగంతో రుణాలు అమ్ముతోందని, ఇది ప్రమాదకరమని ఆయన పైవారిని హెచ్చరించాడు. ఫలితంగా 2004లో ఉద్యోగం కోల్పోయాడు. 2008లో ఆ బ్యాంకు కూలిపోయే స్థితికి చేరి, 2009 జనవరిలో మరొక బ్యాంకులో విలీనమైంది. 2009లో ఆయన బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు తన కథ వినిపించినప్పుడు దేశం నివ్వెరపోయింది.

ఈ వృత్తిలో జ్ఞానం సగం మాత్రమే. మిగిలిన సగం నడవడిక. లాభాల మత్తులో ఉన్న గదిలో నిలబడి ఈ రుణం వద్దు అని చెప్పగల నాలుక కావాలి. ఆ మాట మర్యాదగా, లెక్కలతో, కోపం లేకుండా చెప్పగలగాలి. పై అధికారి ఒత్తిడికి లొంగి సంతకం పెట్టకుండా నిలవగలగాలి. అబద్ధపు సాక్ష్యాన్ని మహాపాపంగా పరిగణించే ఇంట్లో పెరిగిన బిడ్డకు ఈ శిక్షణ బాల్యంలోనే మొదలవుతుంది. దుకాణంలో తూకం దగ్గర తండ్రి చూపే నిజాయితీ, బాకీ గడువు తప్పకుండా తల్లి పాటించే నియమం, ఇవే రేపటి అధికారికి పునాది. ఇంటిలో అమానత్ నేర్పకుండా పట్నం పంపి ఇల్మ్ మాత్రం నేర్పిస్తే ఆ కట్టడం ఒంటిస్తంభపు మేడే అవుతుంది.

వడ్డీ ప్రశ్న

ఇక్కడ మన పాఠకుల మనసులో మెదిలే ప్రశ్నను దాటవేయలేము. బ్యాంకుల పని వడ్డీతో ముడిపడి ఉంది కదా, అందులో ఉద్యోగం హలాలేనా? వడ్డీ తినేవానితో పాటు ఇచ్చేవానిని, ఆ పత్రం రాసేవానిని, సాక్షులను కూడా దైవప్రవక్త (స) శపించిన హదీసు మనకు తెలుసు. రుణపత్రాలను పరిశీలించి ఆమోదముద్ర వేసే పని ఈ హెచ్చరికకు చాలా దగ్గరగా వస్తుంది. భద్రత, సాంకేతికత, మోసాల నివారణ వంటి పనుల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. ఫత్వా ఇవ్వడం మా పని కాదు. చదువు మొదలుపెట్టకముందే, చేయబోయే పని స్వభావాన్ని పూర్తిగా వివరించి, నమ్మకమైన ఆలింను సంప్రదించమని మాత్రం గట్టిగా సలహా ఇస్తాము. ఉద్యోగంలో చేరి, ఇల్లు కట్టుకుని, ఆ తర్వాత అడిగే ప్రశ్నకు నిష్పాక్షికమైన జవాబు వినే ఓపిక మనిషికి ఉండదు.

అదే సమయంలో ఈ వృత్తి అంటే బ్యాంకు ఒక్కటే కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఎగుమతి సంస్థలకు, ఔషధ కర్మాగారాలకు, విద్యుత్ సంస్థలకు, ఆసుపత్రులకు, సాఫ్ట్‌వేర్ కంపెనీలకు కూడా రిస్క్ నిపుణులు కావాలి. సరుకు రవాణాలో ఆటంకాలు, డాలరు మారకపు ధర, సైబర్ దాడులు, ప్రకృతి వైపరీత్యాలు, ఇవన్నీ వారు లెక్కగట్టే విషయాలే.

పైగా వడ్డీ లేని ఆర్థిక వ్యవస్థ నేడు ఒక సువిశాల రంగం. కువైట్ ఫైనాన్స్ హౌస్ 1977లోనే ఏర్పడింది. ఇస్లామీయ ఆర్థిక సంస్థలకు గణక ప్రమాణాలు రూపొందించే సంస్థ బహ్రెయిన్‌లో 1991 నుండి పనిచేస్తోంది. వాటి నియంత్రణకు మార్గదర్శకాలు రూపొందించే మండలి కౌలాలంపూరులో 2002లో ఏర్పడి, 2005లో ప్రత్యేకంగా రిస్క్ మేనేజ్‌మెంట్ సూత్రాలనే ప్రచురించింది. ముషారకాలో భాగస్వామి నష్టపోతే ఏమవుతుంది, మురాబహాలో కొనుగోలుదారు మాట తప్పితే సరుకు ఏమవుతుంది వంటి ప్రశ్నలకు ఫిఖ్, గణాంకం రెండూ తెలిసినవారే జవాబు చెప్పగలరు. అటువంటివారు అరుదు. కడప జిల్లా నుండి దశాబ్దాలుగా వేలాది మంది కువైట్‌కు వెళుతూనే ఉన్నారు. వాహనాలు నడిపి, ఇళ్ళలో పనిచేసి, చెమటోడ్చి పంపిన సొమ్ముతో ఇక్కడి ఇళ్ళు నిలిచాయి. ఆ కష్టానికి మేము శిరసు వంచుతాము. ఆ సొమ్ముతో చదువుకున్న బిడ్డ అదే కువైట్‌లో ఒక ఇస్లామీయ బ్యాంకు రిస్క్ విభాగంలో కూర్చోవడం అసాధ్యమేమీ కాదు. దానికి ఆంగ్లంలో, వీలైతే అరబీలో ప్రవేశం, గణితంలో పట్టు, నలుగురైదుగురు సంవత్సరాల తరబడి ఇచ్చే తోడ్పాటు అవసరం.

హలాల్ అన్న పేరు చాలదు

ఈ వృత్తి మన సమాజానికి ఎందుకు అవసరమో చెప్పే ఒక చేదు ఘట్టాన్ని కూడా స్మరించుకోవాలి. బెంగళూరులో ఐ.ఎం.ఏ. అనే సంస్థ బంగారు వ్యాపారం పేరుతో, వడ్డీ లేని హలాల్ లాభం పేరుతో వేలాది కుటుంబాల నుండి పెట్టుబడులు సేకరించింది. మదుపు చేసినవారిలో అత్యధికులు ముస్లింలే. అమ్మాయి నికాహ్ కోసం దాచినది, భర్త పోయాక వచ్చినది, గల్ఫ్ నుండి తెచ్చుకున్నది అందులో పెట్టినవారున్నారు. 2019 జూన్‌లో సంస్థ కుప్పకూలింది. యజమాని దేశం విడిచి వెళ్ళి, తర్వాతి నెలలో తిరిగివచ్చి అరెస్టయ్యాడు. విషయం సి.బి.ఐ. దాకా వెళ్ళింది.

బంగారం ధర తగ్గిన నెలలో కూడా ఈ లాభం ఎక్కడి నుండి వస్తోంది? లెక్కలు తనిఖీ చేసినది ఎవరు? నేను రేపే సొమ్ము తిరిగి అడిగితే ఇస్తారా? మాతో పాటు వంద మంది ఒకేసారి అడిగితే? ఈ నాలుగు ప్రశ్నలు వేయడానికి పట్టా అవసరం లేదు. ప్రొద్దుటూరు బజారులో ఇరవై ఏళ్ళు కూర్చున్న ఏ వ్యాపారి అయినా వేయగలడు. హలాల్ అన్న మాట వినగానే ప్రశ్నించడం మానేయడమే జరిగిన పొరపాటు. వడ్డీ లేకపోవడం ఒక షరతు. పారదర్శకత మరొక షరతు. రెండవది లేని చోట మొదటిది ఎరగా మారుతుంది. మన మహల్లాలలో ఆర్థిక నష్టభయాన్ని చదివిన యువతీ యువకులు నలుగురు ఉంటే, జుమా తర్వాత పది నిమిషాలు మాట్లాడి ఎన్ని ఇళ్ళను కాపాడగలరో ఊహించండి. ఉద్యోగం పట్నంలో చేసినా ఈ ప్రయోజనం మాత్రం ఊరికి దక్కుతుంది.

అటువంటి బిడ్డ చెప్పే మాటలు ఇంటికి కూడా పనికివస్తాయి. మొత్తం ఆదాయం ఒకే పంట మీద, ఒకే దుకాణం మీద, గల్ఫ్‌లోని ఒకే జీతం మీద ఆధారపడకూడదు. ఆరు నెలల ఖర్చు ఎప్పుడూ చేతికందే చోట ఉండాలి. ఎవరికైనా జామీను సంతకం పెట్టేటప్పుడు, ఆ అప్పు తానే కట్టవలసి వస్తే కట్టగలనా అని ముందు ఆలోచించుకోవాలి. అన్నదమ్ముల మధ్య లావాదేవీ అయినా కాగితం మీద ఉండాలి. అనుమానంతో రాసుకునే కాగితం కాదది. రేపు బంధుత్వం చెడకుండా కాపాడే కాగితం.

తల్లిదండ్రులకు మా మనవి

మీ బిడ్డలలో ఎవరు ఏ పనికి తగినవారో పరీక్షలో వచ్చిన మార్కులు పూర్తిగా చెప్పలేవు. ప్రయాణానికి బయలుదేరే ముందు ఇంటి తాళం రెండుసార్లు చూసేది ఎవరు? వాన మబ్బు కనిపించగానే మిద్దె మీద ఆరబోసిన గింజలను ముందుగా ఎత్తేది ఎవరు? ఇచ్చిన వంద రూపాయలకు పైసలతో సహా లెక్క చెప్పేది ఎవరు? అందరూ అవునన్నప్పుడు ఆగి, ఒకవేళ అలా జరగకపోతే అని అడిగేది ఎవరు? అటువంటి బిడ్డను పిరికివాడని, అతి ప్రశ్నలు వేసే పిల్ల అని మందలించకండి. ఆ స్వభావానికి నేడు ప్రపంచంలో ఒక హోదా, ఒక జీవనోపాధి ఉన్నాయి.

అమ్మాయిల విషయంలో ఈ మాట మరింత నొక్కి చెబుతాము. ఇంటి ఖర్చును, ఆపద సొమ్మును, పండుగ పద్దును తరతరాలుగా లెక్క తప్పకుండా నడిపినవారు మన ఇళ్ళ స్త్రీలే. ఆ వివేకానికి చదువు తోడైతే అది వృత్తిగా వికసిస్తుంది. ఈ పనిలో అధికభాగం లెక్కలు, విశ్లేషణ, నివేదికలు కనుక దానికి కావలసినది చదువు, ఏకాగ్రత మాత్రమే.

ఈ వేసవిలో పిల్లలను గండికోటకు తీసుకువెళ్ళినప్పుడు పెన్నా లోయను చూపి, మసీదులో రెండు రకాతుల నఫిల్ నమాజు చేసుకునే వీలుంటే చేసుకుని, పక్కనే ఉన్న ధాన్యాగారాన్ని కూడా చూపించండి. అది ఎవరి కోసం, ఏ రోజు కోసం కట్టారో వారినే చెప్పమనండి. సమృద్ధిలో ఉన్నప్పుడే కరవును తలచుకోగల జ్ఞానాన్ని, అప్పగించినదానిని కాపాడగల నిజాయితీని అల్లాహ్ మన సంతానానికి ప్రసాదించుగాక! ఆమీన్.